భుజాల మీది కోట

ముందు నేల అదిరింది. ఎర్రమట్టి గుట్ట మీది గులకరాళ్లు వాటంతట అవే దొర్లడం మొదలుపెట్టాయి. ఆ తరువాత వినిపించింది కేక.

"ఓహోం... ఓహోం..."

వెయ్యి గొంతులు ఒక్కటై వేస్తున్న కేక అది. చంద్రశిల రాకుమారుడు సుధన్వుడు గుట్ట మీద బోర్లా పడుకుని, తంగేడు పొదల సందులోంచి తొంగి చూశాడు. మొసళ్ల మడుగు ఈది, రాబందుల కనుమ దాటి, మూడు నెలలుగా అతడు వెతుక్కుంటూ వచ్చిన కోట అదిగో, తూర్పు నుంచి నడిచి వస్తోంది.

నడిచి అంటే నిజంగానే నడిచి. ఏడంతస్తుల కోట. రక్తచందనపు గోడలు, రాగిరేకులు తాపిన బురుజులు, బురుజు బురుజుకీ పురివిప్పిన నెమలి ఆకారంలో నీలాలు పొదిగిన శిఖరం. గవాక్షాలకు ముత్యాల జాలరులు. మూడో అంతస్తులో తామరకొలను ఉందట, అందులో హంసలు కూడా ఉన్నాయట. ఆ కొలనులో నీళ్లు ఏనాడూ తొణకలేదని నాలుగు రాజ్యాలవాళ్లు వింతగా చెప్పుకుంటారు. అందులో మంత్రమేమీ లేదు. కోట అడుగున ఇరవై కొమ్ములున్నాయి, భుజాలకెత్తుకునే మోత దుంగలు, ఒక్కొక్కటి తాటిమానంత లావు. ఆ కొమ్ముల కింద వెయ్యిమంది బోయీలు ఒకే అడుగు వేస్తున్నారు. నీళ్లు తొణకకపోవడానికి కారణం వాళ్ల కాళ్లు.

నాలుగో అంతస్తు గవాక్షంలో పసుపుపచ్చ చెంగు ఒకటి రెపరెపలాడుతోంది. దాన్ని చూడగానే సుధన్వుడు మోచేతుల మీద పైకి లేచాడు. అది అతడి చెల్లెలు కౌముది చెంగు. ఆమె గ్రహణంనాడు పుట్టింది. అలాంటి రాచకన్యను మళ్లీ గ్రహణం పట్టే వేళకు నల్లకొలిమి కొండ అగ్నిగుండంలో వేస్తే చావు లేకుండా పోతుందని కోట యజమాని, మాంత్రికుడు కాలకంబళుడు, ఏ పాడు తాళపత్రంలోనో చదివాడు. ఆ గ్రహణం ఈ మధ్యాహ్నమే. కొండ ఎదురుగానే పొగలు కక్కుతోంది. ఆ క్షణానికి కోట గుండం అంచున ఉండాలి. అరఘడియ ఆలస్యమైతే చాలు, ముహూర్తం తప్పుతుంది, ఇంకో పన్నెండేళ్లదాకా రాదు, కౌముది బతుకుతుంది.

సుధన్వుడు కోట మీది కావలివాళ్లను లెక్కపెట్టాడు. పన్నెండుమంది. నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టాడు. పన్నెండే.

పైన పన్నెండు బల్లేలు, కింద వెయ్యి భుజాలు. యుద్ధవిద్యలన్నీ నేర్చిన మన రాకుమారుడికి ఈ లెక్క మాత్రం ఎవరూ నేర్పలేదు.

అతడు గుట్ట వెనక చెలమ దగ్గరికి దిగి, మూటలోంచి లక్క, తేనెమైనం తీసి ఎడమ భుజానికి అంటించుకోసాగాడు. బోయీగా కలవాలంటే భుజానికి బరువు మోసి మోసి కాచిన కాయ ఉండాలి. ఆ సంగతి దారిలోనే తెలుసుకున్నాడు.

"ఎవుర్రా అది? ఆ భుజానికి అతికించుకుంటాండేది ఏంది?"

సుధన్వుడు కత్తి మీద చెయ్యివేసి తిరిగాడు. యాభై ఏళ్ల ఆడమనిషి, చంకలో తోలుతిత్తి, నడుముకు కొడవలి. బోయీలకు దారి పొడుగునా నీళ్లు పోసే నాంచారి ఆమె. కత్తిని చూసి ఆమె జంకలేదు. దగ్గరికొచ్చి ఆ లక్క కాయను వేలితో నొక్కి చూసింది.

"పని బాగానే చేసినావు. అయితే మావాళ్ల కాయకు నడిమధ్యలో గీత ఉంటాది. కొమ్ము అంచు కోసి కోసి పడిన గీత. ఇది చూస్తే పసిబిడ్డ కూడా దొంగకాయ అంటాడు."

"అమ్మా, అరవకు," అన్నాడు సుధన్వుడు. "నా చెల్లెలు ఆ కోటలో పైన ఉంది."

"నా మొగుడు కింద ఉండాడు," అంది నాంచారి. "మట్టిలో. తొక్కి చంపినారు."

ఆ తరువాత నాంచారి కొడవలి తీసి, దాని వీపుతో కాయ మధ్యలో వంకర టింకర లేకుండా ఒక గీత గీసింది. గీస్తూ చెప్పింది.

బోయీలు మూడు తరాలుగా ఆ కోటను నేలకు తగలనివ్వలేదు. భూమి కింద అగ్నిసర్పం నిద్రపోతోందనీ, కోట అడుగు నేలను తాకితే అది లేచి లోకాన్ని బూడిద చేస్తుందనీ వాళ్ల నమ్మకం. కాబట్టి వాళ్లు మోస్తున్నది మాంత్రికుణ్ణి కాదు, లోకాన్ని. మగపిల్లవాడు పుడితే పదకొండో రోజున వాడి భుజం మీద చందనపు పుల్ల పెట్టి ముద్దాడతారు. ఏటా కాయపండుగనాడు కాలకంబళుడు స్వయంగా కిందికి దిగివచ్చి, ఒక్కొక్కరి కాయకూ తన చేత్తో గంధం పూస్తాడు. ముందు కొమ్ములవాళ్ల అన్నంలో నెయ్యి వేస్తారు. వెనక కొమ్ములవాళ్లు వాళ్లకు పిల్లనిచ్చుకోవడానికి ఏళ్ల తరబడి తిరుగుతారు. అందరికంటే అడుగున దారివాళ్లు ఉన్నారు. కోటకు ముందు వంగి నడుస్తూ ముళ్లూ రాళ్లూ ఏరేవాళ్లు. వాళ్లను కొమ్ము తాకనివ్వరు.

"కొట్టరా? కొరడాలు లేవా?" అని అడిగాడు సుధన్వుడు.

"కొరడా ఎందుకు నాయనా?" అంది నాంచారి. "ఇప్పుడు విను. దారి పొడుగునా పల్లెల్నుంచి కొత్త భుజాలు వచ్చి కలుస్తానే ఉంటాయి, నిన్ను ఎవరూ అడగరు. కానీ కొమ్ము కిందికి పోయేటప్పుడు ప్రతివాడూ నాయన పేరు, ఆయన పడిన చోటు గట్టిగా చెప్పాల. కొమ్ము కింద పడి చచ్చిన నాయన లేనోడిని కొమ్ము తాకనీరు."

"మరి నేను ఏ పేరు చెప్పను?"

నాంచారి తిత్తి మూతి తాడుతో బిగించి, ముడి వేసి, ఆ ముడిని మళ్లీ బిగించింది.

"మద్దిమాను మిట్ట కాడ పడిన సింగన్న కొడుకునని చెప్పు. గొణక్కు. గట్టిగా చెప్పు."

*

మార్పు వేళ బూర ఊదారు. అలసిన భుజాలు పక్కకు తప్పుకుంటుంటే కొత్త భుజాలు వాటి చోట్లలోకి దూరుతున్నాయి. కోట మాత్రం ఆగలేదు, తొణకలేదు. ముందు వరస కుడి కొమ్ము కింద రెండో చోటు ఖాళీగా ఉంది. నిన్నటిదాకా అక్కడ మోసినవాడు తెల్లవారుజామున రక్తం కక్కుకుని పడిపోతే, వెనకవాళ్లు అతడి మీదుగా నడిచి వచ్చేశారు. సుధన్వుడు గోచీ బిగించి, తలకు గుడ్డ చుట్టి, వంగి ఆ చోట్లోకి దూరాడు.

"కుందేటి వాగులో పడిన మారన్న కొడుకుని!" అని అరిచాడు వెనకవాడు.

"జిగురుబండ కాడ పడిన దాసన్న కొడుకుని!" అని అరిచాడు పక్క కొమ్మువాడు.

సుధన్వుడు గొంతెత్తి అరిచాడు. "మద్దిమాను మిట్ట కాడ పడిన సింగన్న కొడుకుని!"

కేక ఆగిపోయింది.

ఒక్క అడుగు మేర మాత్రమే. ఆ ఒక్క అడుగు నిశ్శబ్దంగా పడింది. పైన మూడో అంతస్తులో హంస ఒకటి రెక్కలు టపటపలాడించింది. మరుక్షణం ముందు నడుస్తున్న ముసలాయన "ఓహోం!" అని ఎత్తుకున్నాడు. వెయ్యి గొంతులూ అందుకున్నాయి. కానీ సుధన్వుడికి అటూ ఇటూ ఉన్నవాళ్లెవరూ అతడి వంక చూడడం లేదు. చూడకుండా ఉండడానికి అందరూ గట్టిగా ప్రయత్నిస్తున్నారు.

అతడి భుజం మీద బరువు కూర్చుంది. ఎముక కరకరమంది. మదపుటేనుగుల్ని లొంగదీసిన రాకుమారుడు పదో అడుగుకే పళ్లు బిగబట్టాడు. వీళ్లు దీన్ని జీవితమంతా ఎలా మోస్తున్నారో అర్థం కాలేదు.

ముందున్న ముసలాయన కేకపెద్ద తిప్పన్న. అడుగు వెయ్యమన్నా, నిలవమన్నా అతడి గొంతే. కుడి కొమ్ము చివరన అతడు, ఎడమ కొమ్ము చివరన అతడి కొడుకు ఎర్రన్న. తిప్పన్న ఒక్కసారి ఓరకంట వెనక్కి చూసి, ఆపై తల తిప్పకుండానే మాట్లాడాడు. అడుగుకీ అడుగుకీ మధ్య ఉండే సందులో మాట్లాడడం బోయీలకు అలవాటు.

"ఆ పేరు నీకెవరిచ్చినారు? ఓహోం!"

"మా నాయన పేరు."

"సింగన్నకు బిడ్డలు లేరు. ఓహోం! నీ కాయ లక్కది. చెమటకు కరిగి కారతాండాది. నీ పాదాలు రాచపాదాలు. ఓహోం! నేను ఒక్క మాట అంటే నిన్ను ఇక్కడే నలిపేస్తారు. పైనుంచి ఎవుడూ దిగిరానక్కర్లా."

దాచి లాభం లేదని సుధన్వుడికి తెలిసిపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. చెల్లెలు, గ్రహణం, అగ్నిగుండం. "అరఘడియ ఆపండి చాలు, పెద్దాయనా. మీరు నిలవమంటే నిలుస్తారు. సర్పం కథ ఆ మాంత్రికుడు అల్లింది. మీరు నమ్ముతున్నారా?"

నల్లకొలిమి దగ్గరవుతోంది. గంధకం వాసన ముక్కులు మండిస్తోంది.

"తగిలింది," అన్నాడు తిప్పన్న.

"ఏమిటి?"

"కోట నేలకు తగిలింది. ఇరవై రెండేళ్ల కిందట, మద్దిమాను మిట్ట కాడ. నడిరాత్రి, వాన పడతాండాది. ఎడమ వెనక మూల జారింది. నేల మీద కూచునింది. ఓహోం! ఆకూ వక్కా నమిలేంత సేపు కూచునింది."

"ఏమైంది?"

"ఏం కాలా. గుంటలో కప్పలు అరుస్తాండాయి. అరుస్తానే ఉన్నాయి. ఓహోం!"

"ఎంతమంది చూశారు?"

"ఆ మూల మోసే అరవైమందిమీ చూసినాం. పైవాడికి తెలీనే తెలీదు, నిద్రపోతాండాడు. సింగన్న నవ్వినాడు అబ్బీ. పిల్లోడి మాదిరి నవ్వినాడు. చూడండ్రా, ఏమీ కాలా, ఇంటికి పోదాం పదండి అన్నాడు." తిప్పన్న గొంతు ఒక్కసారి బొంగురుపోయింది. కేక మాత్రం సరిగ్గా వేళకే పడింది. "ఇంటికి పోదాం అన్నాడు."

"అయితే మరి?"

"నా తాత ఈ కొమ్ము కింద పడినాడు. నా నాయన పడినాడు. నా పెద్దకొడుకు పడితే, ఆగకూడదని, వాడింకా ఊపిరి తీస్తాండగానే వాడి మీద కాలు పెట్టి నడిచినా. ఓహోం! ఏమీ కాలా అంటాడేంది వాడు? ఏమీ కాకపోతే నా బిడ్డను నేనెందుకు తొక్కినట్టు? మొదటి దెబ్బ నాదే. తర్వాత అందరూ వేసినారు. మూల పైకెత్తి, వాడిని తొక్కుకుంటా నడిచినాం. అట్నుంచి ఇంతవరకూ ఒకరికొకరం ఆ మాట అనుకోలా."

ఈసారి తిప్పన్న అడిగాడు. "మీ ఊళ్లో నిన్ను పల్లకీలో మోసినోళ్లు ఎందరు?"

"ఎనిమిదిమంది."

"పేర్లు చెప్పు."

సుధన్వుడు నోరు తెరిచాడు. ఎనిమిదిమంది వీపులు గుర్తుకొచ్చాయి. ఒక్క పేరూ రాలేదు. సిగ్గుతో అతడి చెవులు మండిపోయాయి.

"ఊరికే అడిగినాలే," అన్నాడు తిప్పన్న. "ఓహోం!"

*

కోట కొండ భుజం ఎక్కింది. ఎదురుగా నల్లరాతి బయలు, దాని చివర అగ్నిగుండం. గుండం నోట్లోంచి ఎర్రటి సెగ ఎగసిపడుతోంది, ఎగిరే పిట్టలు రెక్కలు మాడి టపటపా రాలుతున్నాయి. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. దారివాళ్లు పక్కలకు తప్పుకున్నారు. ఇక ఏరడానికి ముళ్లు కూడా లేవు. అంచుకు మూడువందల అడుగులు.

సుధన్వుడు ఇక ఆగలేకపోయాడు. గుండెలనిండా ఊపిరి పీల్చి అరిచాడు.

"బోయీలారా! ఇరవై రెండేళ్ల కిందట ఈ కోట నేలకు తగిలింది! మద్దిమాను మిట్ట దగ్గర తగిలింది! ఏమీ కాలేదు! మీలో అరవైమంది చూశారు! దించండి!"

అతడనుకున్నాడు, అడుగులు తడబడతాయని, నిజమా అని అడుగుతారని, ఒక్కడైనా తల తిప్పి చూస్తాడని. ఎవరూ అడగలేదు. వాళ్లు చేసింది ఒక్కటే. కేక పెంచారు. "ఓహోం! ఓహోం!" అని చెవులు చిల్లులు పడేలా అరిచారు. సుధన్వుడు ఎంత గట్టిగా అరిస్తే వాళ్లు అంతకు రెండింతలు అరిచారు. అబద్ధమని అనుకుంటే ఇంతగా అరవనక్కర్లేదు. వాళ్లకు తెలుసు. అరవైమందికే కాదు, వెయ్యిమందికీ తెలుసు. ఆ సంగతి గ్రహించగానే రాకుమారుడికి మొదటిసారి నిజంగా భయం వేసింది.

అప్పుడు దారి మధ్యలోకి నాంచారి వచ్చింది. తిత్తి పక్కన పెట్టింది. నడుములోంచి, బోయీలు భుజాన వేసుకునే పాత గుడ్డ ఒకటి తీసి నల్లరాతి మీద పరిచింది. దాని మీద కోటకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"తిప్పన్న మామా!" అని పిలిచింది. "సింగన్నను తొక్కినావు. నన్నూ తొక్కు."

తిప్పన్న నోరు తెరిచాడు. కేక రాలేదు.

కేక లేకపోతే అడుగు లేదు. కోట నిలిచిపోయింది. మూడు తరాల్లో మొదటిసారి, దారి మధ్యలో, పట్టపగలు నిలిచిపోయింది. ముత్యాల జాలరులు గలగలమని కొట్టుకున్నాయి. పైన పన్నెండు బల్లేలు పిట్టగోడ మీదికి వచ్చాయి. వాటి వెనక, మనుషుల వెంట్రుకలతో నేసిన నల్లకంబళి కప్పుకుని, కాలకంబళుడు వచ్చాడు.

ఇప్పుడు నిప్పులు కురిపిస్తాడు, పాముల్ని వదులుతాడు అనుకున్నాడు సుధన్వుడు. కాలకంబళుడు అవేవీ చెయ్యలేదు. ఒకసారి సూర్యుడి వంక చూసి, పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, ఇంటి పెద్దలా చల్లగా మాట్లాడాడు.

"నా భుజాల్లారా! బరువుగా ఉందా? నేను మిమ్మల్ని ఏనాడైనా కొట్టానా? తిట్టానా? మీ కాయలకు గంధం పూసిన చెయ్యి ఇది. మీ తండ్రులు ఎక్కడెక్కడ పడ్డారో ఒక్కొక్క చోటు నాకు గుర్తుంది. వాళ్లు దించలేదు. మీరు అలసిపోయారేమో. దించాలనిపిస్తే దించండి. నేను వద్దనను. ఇదుగో, చూస్తూ కూర్చుంటాను."

అని నిజంగానే కూర్చున్నాడు.

బరువు దించడానికి మోకాలు వంచితే చాలు. వెయ్యిమందీ ఒక్కసారి వంచాలి, అంతే. ఎవరూ వంచలేదు. ప్రతివాడూ పక్కవాడి మోకాళ్ల వంక చూస్తున్నాడు. నుదుటి చెమట కళ్లలోకి దిగుతున్నా రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

సుధన్వుడు మాత్రం లోలోపల సంబరపడ్డాడు. ఇలా నిలబడితే చాలు! ఇంకొంచెంసేపు, ఇంకొంచెంసేపు అనుకుంటూ క్షణాలు లెక్కపెట్టాడు.

తిప్పన్న కొమ్ము కిందినుంచి తప్పుకున్నాడు.

కొమ్ము చివరి బరువంతా ఒక్కసారిగా సుధన్వుడి మీద పడింది. కళ్ల ముందు నక్షత్రాలు కనిపించాయి. తిప్పన్న నాలుగు అడుగులు నడిచి నాంచారి పక్కన చతికిలబడ్డాడు. ఆమె అతడి వంక చూడలేదు. పక్కకు మాత్రం జరగలేదు.

"ఒరే!" అన్నాడు తిప్పన్న. వెయ్యి అడుగుల్ని నడిపించిన గొంతు అది, చివరి కొమ్ముదాకా వినిపించింది. "కోట తగిలింది నిజం. నేను చూసినా. మీరూ చూసినారు. సింగన్నను చంపింది సర్పం కాదు, మనం. దించండి. సర్పం ఉంటే ముందు నన్ను తింటాది. లేకపోతే కోట నన్ను తింటాది. ఏదైనా నాకు సమ్మతమే. నా మీదనే దించండి."

ఎడమ వెనక మూల కదిలింది. ఒకప్పుడు జారిన మూలే. ఎవరిదో ఒక మోకాలు వంగింది. దాని పక్కన ఇంకొకటి. కోట పెద్దగా మూల్గి ఆ పక్కకు వాలింది. కొలనులో నీళ్లు తొణికి గోడ మీదుగా చెంబెడు కిందికి చిమ్మాయి. ఎవరో ఏడుస్తున్నారు. కాలకంబళుడి మొహంలో చిరునవ్వు పోయింది, అతడి చెయ్యి పిట్టగోడను గట్టిగా పట్టుకుంది.

"దించితే!" అని గర్జించాడు ఎర్రన్న. ఎడమ కొమ్ము చివరన ఉన్న తిప్పన్న కొడుకు. వాడి మెడనరాలు తాళ్లలా ఉబ్బాయి. "దించితే రేపు పొద్దున మనమెవురం? దారివాళ్లతో పాటు ముళ్లు ఏరుకుంటామా? నా కొడుకు భుజం మీద మొన్ననే చందనప్పుల్ల పెట్టినాం! వాడు పెద్దయి, మా నాయన కోట దించేసినోడని చెప్పుకోవాల్నా? మా అన్న ఊరికే చచ్చినాడా? చెప్పండ్రా, మీ నాయనలు ఊరికే చచ్చినారా?"

వంగిన మోకాళ్లు ఒక్కొక్కటే నిటారుగా లేచాయి.

ఎర్రన్న తండ్రి వంక చూశాడు. వాడి కళ్లలో నీళ్లున్నాయి. "నాయనా, లెయ్," అన్నాడు. తిప్పన్న తల అడ్డంగా ఊపాడు.

"అయితే కొమ్ముల నడిమధ్యలో కూచో. కాళ్లు తగలకుండా పోతాం," అన్నాడు ఎర్రన్న. తల పైకెత్తాడు. "ఓహోం!"

పది గొంతులు అందుకున్నాయి. తరువాత వంద. కోట కదిలింది.

సుధన్వుడికి తనెక్కడ చిక్కుకున్నాడో మూడో అడుగు మీద తెలిసింది. నాంచారి, తిప్పన్న కోట అడుగుకు వచ్చేశారు. వాళ్ల తలల పైన జానెడు ఎత్తులో రక్తచందనపు దూలాలు నడుస్తున్నాయి. తిప్పన్న వదిలేసిన బరువుతో కుడి ముందు మూల మొత్తం ఇప్పుడు సుధన్వుడి ఒక్క భుజం మీద నిలిచి ఉంది. అతడు వదిలితే ఆ మూల నేలకు కొడుతుంది, కోట ఆగిపోతుంది, ముహూర్తం తప్పుతుంది, కౌముది బతుకుతుంది. కానీ ఆ దూలాల కింద వాళ్లిద్దరూ ఉన్నారు. వాళ్లను దాటేదాకా మోద్దామంటే, కోట వాళ్లను దాటేసరికి ముందు కొమ్ములు అగ్నిగుండం అంచు చేరుతాయి.

"బయటికి రండి!" అని అరిచాడు. "అమ్మా! పెద్దాయనా! పాకి బయటికి రండి!"

నాంచారి తలెత్తి చూసింది. ఆమె మొహంలో కోపం లేదు. "వదిలెయ్ నాయనా," అంది. "నేను లేస్తే వీళ్లు ఇంకెప్పుడూ ఆగరు. వదిలెయ్."

కరిగిన లక్క రొమ్ము మీదినుంచి నడుముదాకా కారిపోయింది. దొంగకాయ ఉన్నచోట ఇప్పుడు చర్మం చిట్లి నిజమైన రక్తం కారుతోంది. సరిగ్గా నాంచారి గీసిన గీత దగ్గరే కొమ్ము అంచు కోస్తోంది.

బయలు మీద వెలుగు మారింది. నీడల అంచులు సన్నగా, పదునుగా అయ్యాయి. సుధన్వుడు తల ఎత్తలేకపోయినా, సూర్యుడి అంచు చీకటి పడుతోందని తెలిసింది. నాలుగో అంతస్తునుంచి కౌముది గొంతు వినిపించింది.

"అన్నయ్యా! నీ గొంతు విన్నాను! అన్నయ్యా, వదిలెయ్! కొమ్ము వదిలెయ్!"

ఆమెకు కోట కింద కూర్చున్నవాళ్లు కనిపించరు. పైనున్న ఎవరికీ కనిపించరు.

సుధన్వుడి కుడి మోకాలు కొంచెం వంగింది. కోట అడుగు జానెడు ఎత్తునుంచి కిందివాళ్ల తలలదాకా దిగింది. తిప్పన్న నెరిసిన జుట్టు దూలానికి తగిలింది. ముసలాయన కళ్లు మూసుకున్నాడు. అతడి పెదవులు కదులుతున్నాయి. ఆ మాట సుధన్వుడికి వినపడలేదు కానీ, ఏం మాటో తెలుసు. ఇంటికి పోదాం.

రాకుమారుడు మోకాలు నిటారుగా చేశాడు. దూలం మళ్లీ జానెడు పైకి లేచింది.

గుండం సెగ మొహానికి కొడుతోంది. ఎడమ కాలు, కుడి కాలు. వెయ్యిమంది అడుగుతో అతడి అడుగు సరిగ్గా కలిసింది, కలవకపోతే మొయ్యలేడు. పైన చెల్లెలు ఇంకా పిలుస్తూనే ఉంది. ఆ పిలుపును ముంచేస్తూ పక్కనే ఎవరో గొంతు చించుకుని "ఓహోం! ఓహోం!" అని అరుస్తున్నారు. ఆ అరుస్తున్నది తనేనని సుధన్వుడికి కొంచెంసేపటికి గాని తెలియలేదు.